అయిదో అంతస్తు కుళాయిలు

మాస్టారు పొద్దున లేవగానే ముందు బాయిలర్‌ను పలకరిస్తారు, ఆ తరవాతే భార్యను. పంపు గది తలుపు తీసి, మీటరులో అరవై డిగ్రీలు ఉన్నాయని చూసుకుని, ఆ ఇనుప పొట్టను అరచేత్తో తట్టి "బాగున్నావురా" అంటారు. అప్పుడు గానీ ఆయనకు టీ గొంతు దిగదు.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. ఒక్కనాడైనా నా నుదుటి మీద చెయ్యి పెట్టి బాగున్నావా అన్నారా?" అని ఆవిడ రోజూ అడుగుతుంది.

"నీకు మీటరు లేదు కదే" అని ఆయన రోజూ అంటారు.

ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. అయిదంతస్తుల అద్దె గదుల భవనంలో నీళ్ళ పని ఆయనది. పంపు గది పక్కనే ఉన్న రెండు గదుల ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. అద్దెకొచ్చిన ప్రతివాణ్ణీ నిలబెట్టి షవరు తలకాయ ఎందుకు విప్పి కడగాలో చెప్పందే తాళంచెవి ఇవ్వరు కనక నీళ్ళ మాస్టారన్న పేరు పడింది. "వేడినీళ్ళు వేడిగా ఉండాలి, చల్లనీళ్ళు చల్లగా ఉండాలి. గోరువెచ్చగా మారి పైపులో కదలకుండా నిలబడ్డాయా, కంటికి కనబడనిది అందులో కాపురం పెడుతుంది" అని ఆయన చెబుతుంటే, విన్నవాళ్ళు ఆ పూట కుళాయి తిప్పడానికి కూడా జంకేవారు.

పైకప్పు కారుతోందని అయిదో అంతస్తు మూసేసి ఏడాదిన్నర అయింది. పన్నెండు గదులు, పన్నెండు స్నానాల గదులు, ఒక్క మనిషి లేడు. మనుషులు లేరని పైపులో నీళ్ళు ఊరుకోవు. అందుకని ప్రతి గురువారం పదకొండు గంటలకు మాస్టారు పైకి వెళ్ళి, చివరి గది పన్నెండుతో మొదలుపెట్టి మెట్ల పక్కనున్న ఒకటో నంబరు దాకా, గదికి అయిదేసి నిమిషాలు నీళ్ళు వదలాలి. వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాయాలి. కుళాయి కట్టేశాక తాళంచెవితో దాని మెడ మీద ఒక్కసారి 'ఠంగ్' మని కొట్టడం ఆయన అలవాటు. ఎందుకంటే చెప్పలేరు. పని అయిపోయిందని కుళాయికి చెప్పినట్టు ఉంటుందేమో.

ఆ గురువారం కూడా పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరారు.

"పైకేనా?" ఆవిడ కుట్టుపెట్టె సర్దుకుంటూ అడిగింది. అద్దెకున్నవాళ్ళ దిండు గలీబులు, కర్టెన్లు రెండో అంతస్తు బట్టల గదిలో కూర్చుని కుట్టి పెడుతుంది.

"మరెక్కడికి?"

"ఏం లేదు. మెట్లు జాగ్రత్త." ఆవిడ ఇంకేదో అనబోయి దగ్గింది. దగ్గు ఆగాక ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపు ఆయనకు నచ్చలేదు. ఈ మధ్య గురువారాలు అలాగే చూస్తోంది.

మాస్టారు పైకి వెళ్ళలేదు. పంపు గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, పాత పెయింటు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నారు.

అయిదు నెలల కిందట నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య మలుపులో ఆయన మోకాలు జారింది. అరగంట ఆ మెట్ల మీదే, లేవలేక, ఎవరినీ పిలవలేక కూర్చున్నారు. యజమానికి తెలిస్తే కుర్రవాణ్ణి పెట్టుకుంటాడు. ఆ వారం పైకి వెళ్ళకుండానే అంకెలు రాశారు. ఒక్కసారికే కదా అనుకున్నారు. మరుసటి వారం రెండోసారి రాశారు, మూడోసారికి అంకెలు వాటంతటవే వచ్చేశాయి.

దాన్ని ఆయన ఎలాగో మింగేసేవారే. కానీ రెండు వారాల కిందట ఇంకొకటి మొదలైంది.

పదకొండయింది. మాస్టారు పెన్ను తీసి 'గది 12' అని రాశారు. బాయిలర్ నుంచి పైకి వెళ్ళే లావుపాటి పైపు ఆయన భుజం పక్కనే ఉంది. అది సన్నగా బుసకొట్టింది.

పైన, తాళం వేసిన ఖాళీ అంతస్తులో, ఎవరో వేడినీళ్ళ కుళాయి తిప్పారు.

అయిదు నిమిషాలు. బుస ఆగింది. ఆపైన పైపు పొడవునా దిగివచ్చింది, చిన్నగా, స్పష్టంగా: ఠంగ్.

మాస్టారు ఒళ్ళు జలదరించింది. అది తన దెబ్బ. తన అలవాటు, తన వరస, తన అయిదు నిమిషాలు. తను పెయింటు డబ్బా మీద కూర్చుని అబద్ధం రాస్తుంటే, పైన తనే నడుస్తూ దాన్ని నిజం చేస్తున్నట్టుంది. మొదటి వారం చెవుల్లో హోరనుకున్నారు. రెండోవారం భయపడ్డారు. ఈసారి భయం కింద సిగ్గులేని ఊరట కూడా కలిగింది, ఎవరో ఒకరు తిప్పుతున్నారు కదా అని. ఎవరో చూడటానికి మాత్రం ఆయన కాళ్ళు లేవలేదు. దానికి మోకాళ్ళ మీద నేరం మోపలేం.

గది 11, ఠంగ్. గది 10, ఠంగ్. ఏడో నంబరు దగ్గర ఠంగు రావడం ఆలస్యమైంది. చాలా సేపటికి నీరసంగా వచ్చింది. మాస్టారు కళ్ళు మూసుకుని గబగబా మిగతా ఆరు గదులూ రాసేశారు. యాభై రెండు డిగ్రీలు, యాభై ఒకటి, యాభై రెండు. రాస్తుంటే మిగతా ఆరూ కూడా వినబడ్డాయనే ఆయన నమ్మకం.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలిగించి లేదు. ఆవిడ మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది.

"చలి" అంది. బయట ఎండ మండిపోతోంది.

ఆదివారానికి ఆవిడ ఊపిరి ఈల వేయడం మొదలుపెట్టింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసే కూతురు పరుగున వచ్చి, తల్లిని ఆటోలో తన ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. మొహానికి ఆక్సిజన్ తొడుగు పెట్టారు, మందు ఎక్కించారు. సోమవారం గడిచింది, జ్వరం ఒక్క గీత దిగలేదు.

మంగళవారం డాక్టరమ్మ తండ్రీకూతుళ్ళను తన గదిలోకి పిలిచింది. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉంది.

"మామూలు నిమ్ముకి ఇచ్చే మందు పనిచెయ్యడం లేదండీ. ఏ క్రిమో తెలిస్తే తప్ప సరైన మందు ఇవ్వలేను. మీ భవనంలో ఎక్కడైనా నీళ్ళు వాడకుండా చాలాకాలం నిలవ ఉన్నాయా? షవర్లు, మూసేసిన గదులు, అలాంటివి?"

"మా నాన్న పనే అదండీ" కూతురు కాస్త గర్వంగానే అంది. "వారం వారం పుస్తకం రాస్తారు. నాన్నా, చూపించు."

పుస్తకం ఎప్పుడూ ఆయన చంకలోనే ఉంటుంది. బల్ల మీద పెట్టారు. డాక్టరమ్మ అయిదో అంతస్తు పేజీలు తిప్పింది. ప్రతి గురువారం, పన్నెండు గదులు, ఒక్క గడి ఖాళీ లేదు.

"ఇంత శ్రద్ధగా చేసేవాళ్ళని నేను చూడలేదు" అంది. "పైగా ఆవిడ ఆ అంతస్తుకి వెళ్ళరు కదా?"

"మా ఆవిడా? దానికి అక్కడేం పని?" అన్నారు మాస్టారు.

"అయితే ప్రస్తుతానికి దీన్ని పక్కన పెడదాం. ముందు మిగతా పరీక్షలు చూస్తాను."

మాస్టారు పుస్తకం చంకలో పెట్టుకున్నారు. అది బరువెక్కినట్టు అనిపించింది. చెప్పాలి అని ఒక క్షణం నాలుక చివరిదాకా వచ్చింది. ఇల్లు, ఉద్యోగం, యజమాని మొహం కళ్ళముందు వరసగా కదిలాయి. చెప్పకుండానే బయటికి నడిచారు.

బుధవారం ఆవిడకు స్పృహ తప్పీ తప్పనట్టుగా ఉంది. జ్వరంలో గొణుగుతోంది. కూతురు వంగి తల్లి నోటి దగ్గర చెవి పెట్టింది.

"పన్నెండు... పదకొండు... పది..."

"అమ్మ ఏదో లెక్కపెడుతోంది నాన్నా. వెనక్కి."

"తొమ్మిది... ఎనిమిది... ఏడు."

ఏడు దగ్గర ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ పన్నెండు నుంచి మొదలుపెట్టింది. అంకె చెప్పినప్పుడల్లా కుడిచెయ్యి దుప్పటి మీంచి లేచి, గాలిలో దేన్నో పట్టుకుని తిప్పి, మళ్ళీ దుప్పటి మీద పడుతోంది. ప్రతిసారీ ఏడు దగ్గరే ఆగుతోంది.

మాస్టారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పైన ఉన్నదేదో కిందికి దిగివచ్చి భార్య నోటితో మాట్లాడుతోందని ఆయనకు తోచింది. అరవై ఏళ్ళ మనిషి, ఇనుపసామాను తప్ప దేన్నీ నమ్మనివాడు, పట్టపగలు ఆసుపత్రిలో నిలబడి అలా అనుకున్నారు. అంతకన్నా సులువైన సంగతి కళ్ళెదుటే ఉంది. దాన్ని చూడటానికి ఆయన మనసు ఒప్పుకోలేదు.

గురువారం పొద్దున ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని కూతురు పుస్తకం తిరగేస్తోంది. రాత్రంతా తల్లి పక్కనే ఉంది, కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా అవి అద్దంలో వెంట్రుకవాసి గీతను పట్టుకునే కళ్ళు.

"నాన్నా, ఒకటడుగుతాను. కోప్పడకు."

"అడుగు."

"అయిదో అంతస్తుకి వెళ్తున్నావా నువ్వు?"

"పుస్తకంలో ఉందిగా."

"నేను అడుగుతున్నది నిన్ను, పుస్తకాన్ని కాదు."

ఆమె పేజీలు ఒక్కొక్కటే ఆయన ముందుకు తిప్పింది.

"ఇది పోయినేడు. ఇక్కడ నీ తడి వేళ్ళ మరక. ఇక్కడ సిరా అలుక్కుపోయింది. ఈ కాగితం ఉబ్బి ఎండింది. అన్ని పేజీలూ ఇలాగే ఉన్నాయి, పన్నెండు స్నానాల గదులు తిరిగి వచ్చినవాడి పుస్తకంలా. ఇదిగో, ఇక్కణ్ణుంచి చూడు. అయిదు నెలలు. చుక్క నీరు తగల్లేదు. ఒక్కచోట కూర్చుని, ఒక్క పెన్నుతో, ఒక్క ఊపున రాసినట్టుంది."

"ముప్పై ఏళ్ళ పనివాణ్ణి! నిన్నగాక మొన్న పుట్టి నువ్వు నాకు పరీక్ష పెడతావా?"

"నాకు కాదు, డాక్టరుకి చెప్పాల్సింది. ఆవిడ ఈ పుస్తకం చూసే కదా ఆ పరీక్ష పక్కన పెట్టింది!"

"మీ అమ్మ ఆ అంతస్తు మొహం చూడలేదు! దానికీ దీనికీ సంబంధం ఏమిటి?"

"అయితే చెప్పు. వెళ్ళావా, వెళ్ళలేదా?"

వరండాలో వెళ్తున్న నర్సు తిరిగి చూసింది. మాస్టారు మొహం ముడుచుకుపోయింది. నోరు తెరిచేసరికి, ఆయన దాచుకున్నది కాక ఇంకేదో బయటికొచ్చింది.

"నేను వెళ్ళకపోయినా తిరుగుతున్నాయే! ఎవరో తిప్పుతున్నారు! నా చెవులతో విన్నాను. పదకొండుకి మొదలవుతాయి, నా వరసలోనే, నాలాగే ఠంగుమని కొట్టి మరీ! నమ్మకపోతే రా, ఇవాళ గురువారమే, వచ్చి విను!"

కూతురు ఆయన మొహంలోకి చాలా సేపు చూసింది. కోపం పోయి, భయం వచ్చింది. తండ్రికి మతి చలించిందేమోనన్న భయం. లోపలికి వెళ్ళి నర్సుకి చెప్పి వచ్చింది.

"పద" అంది.

పంపు గదిలో తండ్రి పెయింటు డబ్బా మీద, కూతురు గడప మీద కూర్చున్నారు. బాయిలర్ గుర్రుమంటోంది. గోడ గడియారం పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఇదిగో ఈ పైపు" మాస్టారు గొంతు తగ్గించి చెప్పారు. "ముందు బుస. తరవాత అయిదు నిమిషాలకి దెబ్బ."

పదకొండు.

ఇద్దరూ పైపు వైపు చూశారు. మాస్టారు దానికి చెవి ఆనించారు. మూడు వారాలుగా వినబడకూడదని మొక్కుకున్నది, ఇవాళ వినబడాలని మొక్కుకుంటున్నారు. పదకొండు దాటి అయిదు నిమిషాలు. పది నిమిషాలు. పైపు నోరు విప్పలేదు. దాని వెనక అయిదంతస్తుల నిశ్శబ్దం.

"పోయినవారం వినబడింది" అన్నారు.

"పోయినవారం అమ్మ ఇంట్లో ఉంది" అంది కూతురు, ఏదో అలవోకగా అన్నట్టు. అనేశాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పన్నెండు, పదకొండు, పది. గాలిలో తిరిగిన చెయ్యి.

మాస్టారు లేచారు. మోకాళ్ళ సంగతి ఎవరూ తలుచుకోలేదు. అంతస్తు అంతస్తుకీ కమ్మీ పట్టుకుని, ఎగపీలుస్తూ, కూతురు చెయ్యి ఇవ్వబోతే తోసేస్తూ ఎక్కారు. అయిదో అంతస్తు తలుపుది మూస్తే దానంతటదే పడే తాళం, పడి ఉంది. తీయగానే మూతపడ్డ గాలి మొహాన కొట్టింది, వెచ్చగా, నాచువాసనతో. వసారా పొడవునా దుమ్ము. ఆ దుమ్ములో చిన్న చిన్న చెప్పుల జాడలు, వెళ్ళినవీ వచ్చినవీ, చివరిదాకా.

తలుపు పక్కనే గోడ మీద కుట్టుపనికి వాడే సుద్దముక్కతో నిలువు గీతలు. మొదటి వరస పన్నెండు. రెండో వరస పన్నెండు. మూడో వరస ఆరు.

ఏడో నంబరు గదిలో స్నానాల గది గుమ్మం ముందు చిన్న పీట ఉంది. దాని మీద నకలు తాళాల గుత్తి, మడతపెట్టిన తువ్వాలు, ఆవిడ కళ్ళజోడు. ఆదివారం నుంచి ఇల్లంతా వెతికిన కళ్ళజోడు. కూతురే స్వయంగా అద్దాలు బిగించింది.

"అమ్మ ఇక్కడ కూర్చుంది" అంది కూతురు. ఆమె లోపలికి అడుగు వేయబోయింది.

"ఆగు!" మాస్టారు రెక్క పట్టుకుని లాగేశారు. "లోపలికి వెళ్ళకు. ఏదీ ముట్టుకోకు. ఆ షవరు చూడు."

షవరు తలకాయ రంధ్రాల్లో తెల్లటి పెంకు, మధ్యలో నల్లటి జిగురు. ఒక చుక్క తయారై, వేలాడి, కింద పడింది.

"ఆ జిగురులోనే ఉంటుంది. నెలల తరబడి నిలవున్న నీళ్ళు మొదటిసారి వదిలేటప్పుడు షవరు తలకాయ విప్పెయ్యాలి. లేదా సంచీ కట్టి, మూల కత్తిరించి, తుంపర లేవకుండా కిందికి పోనివ్వాలి. తిప్పేసి బయటికి వచ్చెయ్యాలి. గదిలో నిలబడి ఆ తుంపర పీల్చకూడదు. మీ అమ్మ... మీ అమ్మ గుమ్మంలో పీట వేసుకుని, అయిదు నిమిషాలూ చూస్తూ కూర్చుంది."

"అమ్మకి తెలియదా నాన్నా?"

"అద్దెకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పాను" అన్నారు మాస్టారు. "దానికి చెప్పలేదు. ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఆయన ఆ వసారాలో, దుమ్ములో, గోడకు చేరబడి కూలబడిపోయి వెక్కి వెక్కి ఏడ్చారు. తండ్రి ఏడవడం కూతురు అంతకుముందు చూడలేదు. ఆమె కూడా కూర్చుని ఆయన తల భుజానికి ఆనించుకుంది. లోపల చుక్క పడుతూనే ఉంది.

"లే నాన్నా. ఏడవడానికి తరవాత టైముంది" అంది చివరికి.

డాక్టరమ్మ గదిలో మాస్టారు కూర్చోలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి నిలబడ్డారు.

"ఇది అబద్ధం అమ్మా. అయిదు నెలలుగా నేను అయిదో అంతస్తు ఎక్కలేదు. అక్కడి నీళ్ళు కదల్లేదు. నా భార్య నాకు తెలియకుండా మూడు గురువారాలు వెళ్ళి, షవర్లు తిప్పింది. మొదటిసారి వెళ్ళి రేపటికి మూడు వారాలవుతుంది... కాదు, ఇవాళ్టికే. ఆ తుంపర పీల్చింది. నా పుస్తకం చూసి మీరు పక్కన పెట్టిన పరీక్ష చేయించండి. తరవాత నన్ను ఏమన్నా అనండి."

డాక్టరమ్మ ఫోనెత్తి పరీక్ష పేరు చెప్పింది, మందు పేరు మార్చింది. "ఫలితం వచ్చేదాకా ఆగను" అని నర్సుతో అంటూనే లేచింది. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం నిలబడింది.

"మంగళవారం చెప్పి ఉంటే బాగుండేది మాస్టారూ."

ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది.

సాయంత్రానికి మూత్రపరీక్షలో తేలింది. లెజియోనెల్లా, నిలవనీళ్ళలో పెరిగే క్రిమి. పేరు విని మాస్టారు తల ఊపారు, పాత పరిచయస్తుడి పేరు విన్నట్టు. ఒకరి నుంచి ఒకరికి అంటదనీ, తాగితే కాదు, పీలిస్తే వస్తుందనీ డాక్టరమ్మ చెబుతుంటే ఆయన పెదవులు కూడా కదిలాయి. అవన్నీ ఆయన పాఠాలే.

యజమానికీ ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. అవతలివైపు అరుపులు కూతురికి కూడా వినబడ్డాయి. "అరవండి బాబూ, కానీ ఇవాళే అందరి చేతా షవర్లు ఆపించండి" అన్నారాయన. మర్నాడు ఆరోగ్యశాఖవాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. నాలుగో అంతస్తులో దగ్గుతున్న ఒకాయన్ని పరీక్షకు పంపారు, అది ఉత్త జలుబే. మాస్టారు ఆ కబురు మూడుసార్లు అడిగి చెప్పించుకున్నారు.

శుక్రవారం జ్వరం అలాగే ఉంది. శనివారం మధ్యాహ్నం మాస్టారు మంచం పక్కన కూర్చుని, అరచెయ్యి భార్య నుదుటి మీద పెట్టారు. తడిగా ఉంది. చల్లగా ఉంది. మీటరు అక్కర్లేకుండానే ఆయనకు తెలిసింది.

ఆవిడ కళ్ళు తెరిచింది.

"బాగున్నావా?" అన్నారు.

ఆవిడ తొడుగు లోపల నవ్వింది. ముప్పై ఏళ్ళకు అడిగారు కదా మరి.

మాట్లాడే ఓపిక వచ్చాక ఆవిడ చెప్పింది, కూతురు కూడా పక్కనుండగా. "మన వంటింటి గోడలోంచి కూడా ఆ పైపే కదండీ వెళ్ళేది. మీ ఠంగు నాకు అక్కడ వినబడేది. ఒకటో నంబరు మోగిందంటే మీరు దిగి వచ్చేస్తారని పొయ్యి మీద గిన్నె పెట్టేదాన్ని. అయిదు నెలల కిందట మోగడం మానేసింది. మీరేమో గురువారం గురువారం పైకెళ్ళొచ్చానంటారు."

"అడగొచ్చు కదే."

"అడిగితే మీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదా? మీరే చెబుతారని చూశాను. ఎన్ని వారాలు చూడను? నీళ్ళు నిలబడితే మంచిది కాదని మీరే అంటారు. పోనీలే, ఆయన చెయ్యలేని పని నేను చేసి పెడితే పుస్తకం అబద్ధం కాకుండా పోతుందని..." ఆవిడకు ఆయాసం వచ్చింది. "మూడోవారం మాత్రం ఆరే చెయ్యగలిగానండీ. ఏడో నంబరు దగ్గర కళ్ళు తిరిగాయి."

ఆ రోజు మాస్టారు పన్నెండూ విన్నారు. ఆరు భార్య వినిపించింది. మిగతా ఆరు ఆయన పెన్ను వినిపించింది. వెన్నులో ఆ పాత చలి మరోసారి పాకింది. కుళాయిల్ని తిప్పిన చెయ్యికి కాదు, లేని చప్పుడు విన్న తన చెవికి ఆయన భయపడ్డారు.

ఇంటికి వచ్చాక ఒక పొద్దున మాస్టారు పుస్తకం, ఎర్ర పెన్ను తీసుకుని భార్య మంచం పక్కన కూర్చున్నారు. పద్దెనిమిది గురువారాల మీద అడ్డంగా గీత గీసి, పద్దెనిమిదిసార్లు 'వెళ్ళలేదు' అని రాశారు. పక్కన సంతకం పెట్టారు. తరవాత పెన్ను ఆవిడ చేతికిచ్చారు.

"ఈ మూడూ నీవి. నువ్వే రాయి."

"నాకేం తెలుసండీ, వేడి ఎంతుందో చూడలేదు."

"చూడలేదనే రాయి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వణికే అక్షరాలతో రాసింది. మొదటివారం పన్నెండు, రెండోవారం పన్నెండు. మూడోవారం ఏడో నంబరు దాకా వచ్చి పెన్ను ఎత్తేసింది.

"మిగతావి?" అన్నారాయన, తెలిసే.

"చెయ్యనివి ఎలా రాస్తానండీ?" అంది ఆవిడ మామూలుగా.

కూతురు కిటికీ వైపు తిరిగిపోయింది. మాస్టారు ఆ ఆరు ఖాళీ గడుల వైపు చాలా సేపు చూశారు. పుస్తకం మొత్తంలో అవే అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న గడులనిపించింది.

అయిదో అంతస్తు పైపును అది చీలే చోటే కోసి మూత బిగించారు. మనుషులు లేని అంతస్తుకి నీళ్ళెందుకని మాస్టారు ఏడాదిన్నర కిందటే అని ఉండాల్సింది. యజమాని వచ్చే ఏడాది కొత్తవాణ్ణి పెడతానన్నాడు, అంతదాకా పని నేర్పమన్నాడు. ఆ తరవాత కూతురింటి దగ్గర చిన్న వాటా చూసుకోవాలి. చూసుకుంటారు.

నాలుగో అంతస్తులో ఒక గది ఖాళీ అయింది. గురువారం మాస్టారు బయల్దేరారు. అంతస్తుకో కుర్చీ వేయించింది కూతురు, కూర్చుంటూ, లేస్తూ ఎక్కారు. షవరుకి సంచీ కట్టి, మూల కత్తిరించి, నీళ్ళు వదిలి, గది బయటికొచ్చి నిలబడ్డారు. అయిదు నిమిషాలయ్యాక కట్టేశారు. తడి వేళ్ళతోనే పుస్తకంలో రాశారు. అంకె అలుక్కుపోయింది.

తాళంచెవితో కుళాయి మెడ మీద ఒక్కసారి కొట్టారు. ఠంగ్.

ఖాళీ గదిలో చప్పుడు సద్దుమణిగింది. మాస్టారు తలుపు వేయబోతూ ఆగారు.

నాలుగంతస్తుల కింద నుంచి, వంటింటి గోడలోంచి, పైపు పొడవునా ఒక చప్పుడు ఎక్కివచ్చింది. గరిటెతో కొట్టినట్టు చిన్నగా, స్పష్టంగా.

ఠంగ్.

గిన్నె పొయ్యి మీద పెట్టిందన్నమాట. మాస్టారు కళ్ళు తుడుచుకుని, కమ్మీ పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టారు.